ఏమీ జరగని గోదాము

బియ్యం గోదాము బాగుందో లేదో ముందు చెప్పేది ముక్కు. షట్టరు ఎత్తగానే ఎండిన గోనె వాసన, దాని వెనకే సన్నగా తవుడు వాసన తగిలితే లోపల అంతా సవ్యంగా ఉన్నట్టే. ముక్కిన వాసన వచ్చిందా, తడి ఎక్కడో చేరింది. గొంతు పట్టేసే ఘాటు వాసన వస్తే ఎర్ర పిండి పురుగు బాగా పెరిగిపోయిందని అర్థం. ఆ పురుగు ఒంట్లోంచి క్వినోన్లనే రసాయనాలు వదులుతుంది, ఆ కంపు వాటిదే. పరికరాలు తర్వాత ఎలాగూ వస్తాయి. పని తెలిసినవాడు మాత్రం గుమ్మంలో ఒక్క క్షణం ఆగి గాలి పీల్చాకే లోపలికి నడుస్తాడు.

గోదాము పేరు పేపర్లో పడేది బియ్యం ముక్కిపోయినప్పుడు, నిప్పంటుకున్నప్పుడు, లెక్కలో తేడా వచ్చినప్పుడు. ఏడాది పొడుగునా ఐదు వేల టన్నుల బియ్యాన్ని గింజ చెడకుండా నిలబెట్టిన గోదాము గురించి ఎవరూ రాయరు. రాయడానికి అక్కడ ఏమీ జరగదు మరి. ఏమీ జరగకుండా చూడటం వెనక ఎంత పనితనం ఉందో చూద్దామనే ఈ ప్రయత్నం.

కేంద్ర గిడ్డంగుల సంస్థ 1957లో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థ 1958లో వచ్చాయి. భారత ఆహార సంస్థ 1965 జనవరిలో పని మొదలుపెట్టింది. మిల్లరు సర్కారు వడ్లు పట్టి తెచ్చిన బియ్యం ఈ గోదాముల్లో దిగి, నెలలకు నెలలు, ఒక్కోసారి ఏడాది దాటి కూడా ఉండి, రేషన్ షాపుకో మరో రాష్ట్రానికో బయల్దేరుతుంది. ఆ మధ్య కాలమంతా ఆ బియ్యం ప్రాణమున్న సరుకు. దానికి చెమ్మ ఎక్కుతుంది, దిగుతుంది, వేడెక్కుతుంది. దానిలో కంటికి కనబడనివి పెరుగుతుంటాయి.

కాపాడటం కట్టడంతోనే మొదలవుతుంది. గోదాము నేల బయటి మట్టానికి సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. రైలు వ్యాగన్లు వచ్చి ఆగే చోట ఇంకా ఎత్తు, మీటరు పైమాట. మూటతో లారీ ఎక్కి దిగే హమాలీకి ఆ ఎత్తు మోకాళ్లు కాపాడుతుంది. వాన నీరు, నేల చెమ్మ, ఎలుక, మూడూ అక్కడే సగం ఆగుతాయి. గోడ పైభాగాన వెంటిలేటర్లు, వాటికి పిట్ట దూరని వల. ఇవన్నీ ఇంజినీరు ఒక్కసారి ఇచ్చి వెళ్లేవి. రోజూ చూసుకోవాల్సింది మాత్రం గోదాము మనుషులే.

నాకు అన్నిటికన్నా నచ్చే పని కప్పు పరీక్ష. రోహిణి కార్తె ఎండలు మాడుస్తున్నప్పుడు, మిట్టమధ్యాహ్నం, గోదాము తలుపులన్నీ దించేస్తారు. వెంటిలేటర్లకు గోనె పట్టాలు కడతారు. లోపల చీకటి. కళ్లు ఆ చీకటికి అలవాటు పడేదాకా ఓ పది నిమిషాలు ఊరికే నిలబడాలి. తర్వాత తలెత్తి చూస్తే ఆ రేకుల కప్పు తన తప్పులన్నీ తానే చెప్పేస్తుంది. పగలు తలుపులు తీసి ఉన్నప్పుడు ఎంత వెతికినా కనబడని సూదిబెజ్జాలు వెలుగుతాయి. ఎక్కువగా అవి రేకును కింద మోసే పర్లిన్‌కు బిగించే జె-హుక్కుల చుట్టూనే ఉంటాయి. హుక్కు నట్టు కింద ఉండే తారు వాషరు ఎండకు పెళుసెక్కి పగులుతుంది. హుక్కు తుప్పు పడుతుంది. ఆ సందులోంచి తొలకరిలో బొట్టు బొట్టుగా దిగే నీరు ఒకే బస్తా మీద పడుతుంది.

బెజ్జం కనబడటం సగం పనే. కింద నిలబడి వేలు చూపిస్తే కప్పు మీద ఉన్న మనిషికి ఏం తెలుస్తుంది? అందుకే బాగా నడిచే గోదాముల్లో కప్పును మోసే ట్రస్సులకు వరుస అంకెలు వేసి ఉంటాయి. ఏడో ట్రస్సు, తూర్పు వాలు, మూడో పర్లిన్ అని కాగితం మీద రాసుకుంటారు. పైకెక్కినవాడు ఆ చిరునామా పట్టుకుని నేరుగా అక్కడికే వెళతాడు. ఎక్కేటప్పుడు కూడా సిమెంటు రేకు మీద అడుగు వెయ్యకూడదు. రెండు పర్లిన్ల మీద ఆనేలా పలక వేసుకుని దాని మీదే కదలాలి. పాత ఆస్బెస్టాస్ రేకు చూడటానికి గట్టిగానే ఉంటుంది, మనిషి బరువుకు ఒక్కసారిగా విరుగుతుంది. రేకు విరిగి కిందపడ్డ ప్రమాదాలు ఈ పనిలో కొత్తేం కాదు. పలక లేదు, నడుముకు తాడు లేదు అంటే ఆ రోజు కప్పు పని వాయిదా వేసే మేనేజరే నా దృష్టిలో మేనేజరు. మృగశిర వచ్చేలోగా తూముల్లో ఆకులు తీసి, కప్పు మీదికి వంగిన చెట్టుకొమ్మలు కొట్టేస్తే కప్పు కథ ఆ ఏటికి ముగిసినట్టే.

ఇక నెట్టు కట్టడం, అంటే బస్తాలను వరుసల మీద వరుసలుగా పేర్చడం. గోదాము నేల మీద తెల్ల గీతలు ఉంటాయి. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఒక నెట్టుకు హద్దు. గోడకీ నెట్టుకీ మధ్య మనిషి పక్కకు తిరగకుండా నడిచేంత సందు వదలాలి, సుమారు రెండున్నర అడుగులు. సరుకు ఎక్కువొచ్చినప్పుడు మొదట బలయ్యేది ఈ సందే. ఆ రెండున్నర అడుగుల్లో ఇంకో వరుస పట్టించేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఒక్కసారి పట్టించారా, ఆ వైపు నుంచి నెట్టును చూడటం ఆగిపోతుంది, మందు కొట్టడం ఆగిపోతుంది, గ్యాస్ కవరు దింపే చోటు ఉండదు. ఎలుకకు మాత్రం ఇల్లు దొరుకుతుంది.

నేల మీద ముందు చెక్క క్రేట్లు పరుస్తారు. అవి లేని చోట వెదురు తడకలు, మధ్యలో పాలిథిన్ పట్టా. బస్తా నేలకు తగలకూడదు, అడుగున గాలి ఆడాలి. క్రేట్లు వేసే ముందు ఒక్కొక్కటీ తిరగేసి నేలకు కొట్టే అలవాటున్న వాళ్లను గమనించండి. పాత బియ్యపు నూక, అందులో దాగిన పురుగు రాలిపోవాలని ఆ దెబ్బ. ఎవరూ రాసిపెట్టకపోయినా సగం రోగం అక్కడే పోతుంది.

తర్వాత హమాలీల ముఠా దిగుతుంది. ముందు వాళ్ల మేస్త్రి గీతల చుట్టూ ఒకసారి తిరిగి మూల బస్తా ఎక్కడ పడాలో కాలితో చూపిస్తాడు. మూల తిన్నగా కూచుంటే ఇరవై వరుసల నెట్టు తిన్నగా లేస్తుంది. బయటి వరుసలో ప్రతి బస్తా కుట్టుమూతి లోపలికి తిరిగి ఉండాలి. కుట్టు సడలినా గింజ బయటికి కారదు, దారిన పోయేవాడు దారం లాగి దోసెడు తీసుకోలేడు. ఒక వరుసలో బస్తాలు పొడుగ్గా పడితే పై వరుసలో అడ్డంగా పడతాయి. ఒకదాన్నొకటి పట్టి ఉంచే కట్టుబాటు అది. పైకి పోయేకొద్దీ అంచు వరుసల్ని కొద్దికొద్దిగా లోపలికి లాగుతారు. 50 కిలోల బస్తాలు మూడు వేలు, అంటే 150 టన్నులు, సిమెంటు లేకుండా ఇనుము లేకుండా నిలబడతాయి. పక్కన నిలబడి అంచు వెంట ఒంటికన్నుతో చూస్తే ఆ గోడ ఎక్కడా పొట్ట పెట్టకూడదు. పొట్ట పెట్టిన నెట్టు ఇవాళ కాకపోతే రేపు కూలుతుంది. కింద మనిషి ఉంటాడు.

మంచి ముఠా కొక్కెం వాడదు. కొక్కెంతో లాగితే పని సులువే, కానీ గుచ్చిన ప్రతి చోటా గోనెకు కన్నం. మూడు వేల బస్తాలకు మూడు వేల కన్నాల్లోంచి కారే గింజ ఎంత, దాని వాసన పట్టి వచ్చే పురుగు ఎంత? చేతులతో బస్తా చెవులు పట్టి లేపే హమాలీకి రోజు చివర వేళ్లు మొద్దుబారిపోతాయి. కూలి మాత్రం బస్తాకింతే. కొక్కెం వాడనందుకు వాళ్లకు పైసా అదనంగా రాదన్నది నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి.

నెట్టు తీసేటప్పుడూ పద్ధతి ఉంది. పై నుంచి మెట్లు మెట్లుగా దించుకుంటూ రావాలి. లారీ తొందర పెడుతోందని కింది బస్తాలు లాగడం మొదలుపెట్టినచోటే ప్రమాదాలు జరుగుతాయి. మేస్త్రి కేకలు ఎక్కువగా వినబడేది ఈ దశలోనే, అవి వినబడాలి కూడా.

నెట్టుకు ఒక కార్డు వేలాడుతుంది. ఏ లాటు, ఏ తేదీన పడింది, ఎన్ని బస్తాలు, తేమ ఎంత, ఎప్పుడు మందు కొట్టారు, ఎప్పుడు గ్యాస్ పెట్టారు. కనీసం పదిహేను రోజులకోసారి టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి ఆ కార్డులో ఒక వరుస నింపుతాడు. ఆ ఒక్క వరుస నింపడానికి చేసే పని చూడాలి. ముందు నెట్టు చుట్టూ నేల చూస్తాడు. బస్తా అంచు కింద గీతలా పడ్డ పిండి కనబడితే పైన నుసి పురుగు పని మొదలైందని. గోనె మీద సాలెగూడు లాంటి అల్లిక, దానిలో చుట్టుకున్న గింజలు కనబడితే బియ్యపు చిలుక లార్వా. తర్వాత పర్ఖీ తీస్తాడు. మొన తేలిన, గాడి ఉన్న ఇనుప గొట్టం అది. గాడి కిందికి ఉండేలా గోనెలో గుచ్చి, లోపల అరచుట్టు తిప్పి, వెనక్కి లాగితే గుప్పెడు బియ్యం అరచేతిలోకి జారతాయి. గొట్టం బయటికి రాగానే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. పని తెలిసినవాడు పర్ఖీ వీపుతో ఆ కన్నం మీద అటూ ఇటూ రెండుసార్లు గట్టిగా రాస్తాడు. పక్కకు జరిగిన గోనె పోగులు మళ్లీ దగ్గరికి వచ్చి కన్నం మూసుకుంటుంది. గింజ ఒక్కటి కూడా రాలదు. ఒక్క క్షణం పట్టే ఆ రాపిడిలో ఆ మనిషి ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో తెలిసిపోతుంది.

చేతిలోకి వచ్చిన బియ్యాన్ని జల్లెడ పడతాడు, తేమ మీటరులో వేస్తాడు. బియ్యంలో తేమ 14 శాతం దగ్గర ఉండాలన్నది కొనుగోలు నిబంధన. అది దాటేకొద్దీ పురుగుకూ బూజుకూ పండగ. పురుగు తినేటప్పుడు ఊపిరి పీలుస్తుంది, వేడినీ చెమ్మనూ వదులుతుంది. ఆ చెమ్మకు పక్క గింజ మెత్తబడి ఇంకో పురుగును పిలుస్తుంది. అందుకే పాత మనుషులు మోచేతిదాకా రెండు బస్తాల మధ్య చెయ్యి దూర్చి వేడి చూస్తారు.

జల్లెడ అడుగున ఒక్క ముక్కు పురుగు కనబడిందనుకుందాం. ఒక్కటే కదా అనిపిస్తుంది. ఆడ ముక్కు పురుగు గింజకు కన్నం చేసి, లోపల గుడ్డు పెట్టి, ఆ కన్నాన్ని జిగురుతో మూసేస్తుంది. పైనుంచి చూస్తే గింజ నిక్షేపంగా ఉంటుంది. గుడ్డు, లార్వా, ప్యూపా, మూడు దశలూ ఆ గింజ లోపలే గడిచిపోతాయి. మన ఉష్ణోగ్రతల్లో సుమారు నెల రోజులకు కన్నం చేసుకుని బయటికి వచ్చేదే మనకు కనబడే పురుగు. అంటే కంటికి కనబడ్డ పురుగు నెల కిందటి నిర్లక్ష్యం. చూశాక మొదలుపెడదాం అనేవాడు ఈ పనిలో ఎప్పుడూ నెల వెనకే ఉంటాడు. గోదాము పనంతా కేలెండరు పట్టుకుని నడవడానికి కారణం ఇదే. పురుగు ఉన్నా లేకపోయినా పదిహేను రోజులకోసారి మలాథియాన్, నీళ్లు వంద పాళ్లకు ఒక పాలు కలిపి, వంద చదరపు మీటర్లకు మూడు లీటర్ల చొప్పున గోడలకూ దారులకూ బస్తాల పైముఖాలకూ కొట్టాలి. మూడు నెలలకోసారి డెల్టామెత్రిన్. ఇదివరకు డైక్లోర్వాస్ కూడా వాడేవాళ్లు, 2020 చివరితో మన దేశంలో దాన్ని ఆపేశారు. కొట్టడంలోనూ చెయ్యి ఉంది. గోడ సమంగా తడవాలి, ధారలు కారకూడదు. కారిందంటే మందు వృథా, డబ్బు వృథా, అడుగున నిలిచిన మందు మనుషుల కాళ్లకు అంటుతుంది.

అయినా పురుగు పడితే, లేదా వానలకు ముందు జాగ్రత్తగా, గ్యాస్ పెడతారు. అల్యూమినియం ఫాస్ఫైడ్. ఎవరు పడితే వాళ్లు కొని వాడే మందు కాదిది. ప్రభుత్వ సంస్థలకు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే అనుమతి పొందిన పెస్ట్ కంట్రోల్ వాళ్లకు మాత్రమే. మన రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో దీనికి ప్రత్యేక శిక్షణ ఉంది. మూడు గ్రాముల టాబ్లెట్ గాలిలోని చెమ్మ తగిలి ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. టన్నుకు మూడు టాబ్లెట్ల లెక్కన 150 టన్నుల నెట్టుకు 450.

ముందు కవరు చూడాలి. మందపాటి పాలిథిన్ కవరును నెట్టు మీద వేశాక ఒక మనిషి దాని లోపలికి దూరి, వెలుగువైపు తిరిగి, కన్నాల కోసం చూస్తాడు. కప్పుకు చేసిన పరీక్షే దీనికీ. దొరికిన కన్నానికి అప్పుడే టేపు. తర్వాత నెట్టు చుట్టూ నేల ఊడుస్తారు. ఇసుక రేణువు మీద కవరు అంచు పడితే అక్కడ సందు మిగులుతుంది, ఆ సందు చాలు. కవరు అంచును నేల మీద మడతలు లేకుండా పరిచి, దాని మీద ఇసుక పాములు పెడతారు. గుడ్డ గొట్టాల్లో ఇసుక కూరి కుట్టినవి. ఒకదాని తల ఇంకోదాని తోక మీదికి ఎక్కి ఉండాలి, ముగింపులు ఎదురెదురుగా తగిలితే చాలదు. కొన్నిచోట్ల పాముల బదులు తడిమట్టితో మెత్తుతారు, అదీ బాగానే పనిచేస్తుంది, ఎండి పగలనంత వరకు. కష్టం మూలల దగ్గర. నాలుగు మూలల్లోనూ కవరు ముద్దగా పోగవుతుంది. దాన్ని కాగితం పొట్లం మడిచినట్టు లోపలికి మడిచి, ఆ మడత మీద రెండు వరుసల పాములు వేసేవాడి చేతులు చూడాలి. తొందర ఉండదు, ఒకసారి వేసినదాన్ని తీసి మళ్లీ వెయ్యడానికి సిగ్గు ఉండదు.

టాబ్లెట్లను ట్రేలలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి క్రేట్ల సందుల్లోకి తోస్తారు. కుప్పగా పోస్తే ఆ చోట గాఢత పెరిగి ఫాస్ఫీన్ తనంతట తానే మండగలదు. నీటి బొట్టు తగిలినా అదే ప్రమాదం. అందుకే కప్పు కారే గోదాములో గ్యాస్ పెట్టడం అంటే నిప్పుతో ఆట. డబ్బా మూత తీసిన వెంటనే గ్యాస్ ఉధృతంగా రాదు. టాబ్లెట్లో కలిపిన అమ్మోనియం కార్బమేట్ ముందుగా అమ్మోనియాను వదిలి ముక్కుకు హెచ్చరిక పంపుతుంది. ఆ కొద్ది వ్యవధిలో పని పూర్తి చేసుకుని, లోపలి చివర నుంచి తలుపువైపు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చేస్తారు. ఒంటరిగా ఎవరూ చెయ్యరు. తలుపు మీద పుర్రె బొమ్మ, తేదీ, బాధ్యుడి పేరు. తాళం.

ఏడు రోజులు. ఎందుకంత అని సరుకు కావాల్సినవాళ్లు ఎప్పుడూ అడుగుతారు. తిరిగే పురుగు త్వరగా చస్తుంది. గింజ లోపల గుడ్డు, ప్యూపా దశల్లో ఉన్నవి ఊపిరి తక్కువ పీలుస్తాయి, కాబట్టి గ్యాసూ తక్కువే పీలుస్తాయి. అవి తర్వాతి దశలోకి వచ్చేదాకా గ్యాస్ కాపు కాయాలి. మోతాదు రెట్టింపు చేసి రోజులు తగ్గిస్తే ఆ పని జరగదు. నుసి పురుగులోనూ ఎర్ర పిండి పురుగులోనూ ఫాస్ఫీన్‌కు లొంగని తరాలు మన దేశంలో తయారయ్యాయి. వాటిని తయారుచేసింది ఎక్కువగా సందులున్న కవర్లు, ముందే తీసిన తాళాలు. అరకొర గ్యాసులో బతికినవే తర్వాతి తరానికి తల్లులు. మూల దగ్గర మడత సరిగ్గా వెయ్యని ఒక చెయ్యి తన గోదామును మాత్రమే పాడుచెయ్యదు.

కవరు తీసేటప్పుడు ముందు ఎదురెదురు మూలలు రెండు మాత్రం ఎత్తి గాలి ఆడనిస్తారు. మీటరు పెట్టి 0.3 పీపీఎం కన్నా తగ్గేదాకా ఎవరినీ లోపలికి రానివ్వరు. వెలిసిన టాబ్లెట్ల బూడిదరంగు పొడి ఉన్న ట్రేలను లెక్కపెట్టుకుంటూ బయటికి తెస్తారు. లోపలికి పోయినవి ఎన్నో బయటికి రావాల్సినవి అన్నే. ఒక్కటి తగ్గితే నెట్టు కింద పడుకుని వెతకాల్సిందే. ఆ బియ్యం రేపు ఎవరి వంటింట్లోకో వెళుతుంది కదా.

పందికొక్కు గురించి ఎంత చెప్పినా తక్కువే, ఇక్కడ మాత్రం కొంచెమే చెబుతాను. దానికి అనుమానం ఎక్కువ. విషం పెట్టిన ఎరను మొదటి రోజే ముట్టదు. రెండు మూడు రోజులు వట్టి నూకలు, నూనె కలిపి అదే చోట పెట్టి, అది నమ్మకంతో తినడం మొదలెట్టాకే జింక్ ఫాస్ఫైడ్ కలపాలి. ఎక్కడ పెట్టాలో తెలియాలంటే సాయంత్రం తలుపు మూసే ముందు గోడ వెంట సన్నటి పిండి చల్లి, పొద్దున్నే అడుగుజాడలు చదవాలి. షట్టరు కింది అంచుకు రేకు పట్టీ వేసి, కాలవ దగ్గర కలుపు పీకించిన గోదాములో ఈ జాడలు చాలా అరుదు.

లారీలు వచ్చి నెట్టు ఖాళీ అయ్యాక గోదాము అందరికీ ఖాళీగానే కనబడుతుంది. పని తెలిసినవాళ్లకు అప్పుడే అసలు అవకాశం. క్రేట్లన్నీ ఎండలో వేస్తారు. నేల పగుళ్లను సన్నటి మేకుతో గీకి, ఇరుక్కున్న నూకంతా తీసి, సిమెంటుతో పూడుస్తారు. ఊడ్చిన చెత్తబియ్యాన్ని కొత్త సరుకు దరిదాపులకు రానివ్వకుండా ఆ రోజే బయటికి పంపుతారు. గోడలకు సున్నం, మందు, తర్వాత తెల్ల గీతలకు మళ్లీ రంగు. వేబ్రిడ్జికి ఏటా పడాల్సిన తూనికల శాఖ ముద్ర తేదీ దాటిపోయిందేమో కూడా ఈ విరామంలోనే చూసుకుంటారు. గీతల రంగు ఆరకముందే మిల్లు నుంచి లారీ వచ్చి గేటు దగ్గర హారన్ కొడుతుంది. రంగు ఆరేదాకా అది అక్కడే ఆగాలి. డ్రైవరు విసుక్కుంటాడు, మిల్లరు ఫోన్ చేస్తాడు. గోదాము మేనేజరు తేమ మీటరు బ్యాటరీ చూసుకుంటూ, ఇంకో గంట పడుతుందని చెబుతాడు.